కిలిమంజారో శిఖర రాత్రి: బరాఫు నుంచి ఉహురు దాకా

అందరికీ నమస్కారం.

కిలిమంజారో ఎక్కబోయేవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. వారం రోజుల నడక మొత్తం గురించి ఇవాళ మాట్లాడను. శిఖరానికి ముందున్న చివరి మజిలీ బరాఫు క్యాంపులో రాత్రి పదకొండింటికి గైడు వచ్చి టెంటు తట్టినప్పటి నుంచి మర్నాడు దిగేదాకా ఏం చేయాలో చెబుతాను. కాళ్లలో సత్తువ బాగా ఉన్నవాళ్లు కూడా వెనక్కి తిరిగేది ఆ రాత్రే.

ముందు ఎత్తుల సంగతి. అరకు చుట్టుపక్కల ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్లు దాటవు. కిలిమంజారోకి మారంగు వైపు నడక మొదలయ్యే గేటే 1,800 మీటర్ల పైన ఉంది. బరాఫు సుమారు 4,670 మీటర్లు, ఉహురు శిఖరం 5,895. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే, కాబట్టి ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజనూ దాదాపు సగమే. ఇక్కడ రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తినా ఒంటికి ఆ ఎత్తు అలవాటు కాదు. కొండ మీద గడిపే రోజులతోనే అవుతుంది. చౌకగా వస్తోందని ఐదు రోజుల ప్యాకేజీ తీసుకోకండి. మచామే దారిలో ఏడు రోజులు, లెమోషోలో ఎనిమిది రోజులు పెట్టుకోండి.

మనవాళ్లలో చాలామంది ఆగస్టు 15నో, జనవరి 26నో పైన జెండా ఎగరేయాలనుకుంటారు. మంచి కోరికే. అయితే విమానం ఒకరోజు ఆలస్యమైతే ఆ రోజును నడకలోంచి కోసేయాలనిపిస్తుంది, తలనొప్పి వస్తే దాచాలనిపిస్తుంది. తేదీ ముఖ్యమైతే టాంజానియాకు రెండు రోజులు ముందే చేరుకోండి.

రాత్రిపూటే ఎందుకెక్కాలి? కొండ పైన బిలం అంచున ఉన్న స్టెల్లా పాయింట్ దాకా దారంతా వదులు రాళ్లు, బూడిద లాంటి మట్టి. రాత్రి చలికి అది గట్టిపడి కాలు నిలుస్తుంది. ఎండెక్కితే ప్రతి అడుగుకీ సగం వెనక్కి జారుతుంది. పైగా దిగడానికి పగటి వెలుతురు మిగలాలి.

చలి మైనస్ 10 నుంచి మైనస్ 20 డిగ్రీల దాకా ఉండొచ్చు, గాలి వేరు. కాటన్ ఏదీ వద్దు, చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోతుంది. లోపల థర్మల్, దాని మీద ఫ్లీస్, ఆపైన డౌన్ జాకెట్, అన్నిటికీ పైన గాలి చొరబడని జాకెట్. చేతులకు పల్చటి గ్లౌజులు వేసుకుని, పైన వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్లు తొడగండి. సాక్సులు మాత్రం రెండేసి జతలు బిగించకండి. రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

నీళ్లు మూడు లీటర్లు. పైపుతో తాగే సంచి ఉంటే, తాగిన ప్రతిసారీ పైపులోకి ఊది నీళ్లను సంచిలోకి నెట్టండి. లేదంటే గంటలో పైపు గడ్డకడుతుంది. సీసాను మందపాటి ఊలు సాక్సులో పెట్టి తలకిందులుగా ఉంచండి. మంచు ముందు పైభాగంలో కడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు పారుతూనే ఉంటాయి. ఫోను, అదనపు బ్యాటరీలు ఒంటికి తగిలే లోపలి జేబులో పెట్టుకోండి. హెడ్‌ల్యాంపులో కొత్త బ్యాటరీలు క్యాంపులోనే వేసేయండి. వేళ్లు కొంకర్లు పోయాక ఆ చిన్న మూత తీయడం కుదరదు. పల్లీ చిక్కీ మంచి తిండే, అయితే ఆ చలికి రాయిలా అవుతుంది. ఇంటి దగ్గరే చిన్న ముక్కలు చేసి తెచ్చుకోండి. ఆకలి లేకపోయినా గంటకోసారి కొంచెం తినాలి.

నడక ఎంత నెమ్మదిగా ఉండాలంటే, పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. అడుగుకో శ్వాస. వెనక కాలు నిటారుగా నిలిపి బరువంతా దాని మీద వేసి ఒక క్షణం ఆగండి, తొడ కండకు విశ్రాంతి దొరుకుతుంది. ఐదు నిమిషాలకు మించి కూర్చోవద్దు. ఒళ్లు చల్లబడితే మళ్లీ లేవడం కష్టం. స్టెల్లా పాయింట్‌కు ఐదారు గంటలు, అక్కణ్నుంచి ఉహురుకు ఇంకో గంట పట్టొచ్చు.

ఇప్పుడు అసలైన విషయం. కొంచెం తలనొప్పి, ఆకలి లేకపోవడం చాలామందికి ఉంటాయి. అయినా గైడుకు చెప్పండి. చెప్పకుండా మాత్ర మింగితే తలనొప్పి తగ్గినట్టే ఉంటుంది, లోపల జబ్బు ముదురుతుంది. తాగినవాళ్లలా తూలుతున్నా, మాట తడబడుతున్నా, గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవలేకపోతున్నా మెదడు వాస్తోందని అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురగ వస్తే, పెదాలు నీలంగా మారితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని. రెండిటికీ చేయాల్సింది ఒక్కటే: ఆ క్షణమే దిగడం. తెల్లారేదాకా ఆగకూడదు. ఆక్సిజన్ సిలిండరు దిగేదాకా ప్రాణం నిలపడానికే, ఎక్కడానికి కాదు. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్రను డాక్టరు రాస్తేనే వాడండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

గైడు దిగమంటే బతిమాలకండి. మీ ఒక్కరి కోసం జట్టంతా ఆగిపోదు, సహాయ గైడు మీతో దిగుతాడు. డబ్బు కట్టే ముందే అడగండి: ఎంతమందికి ఒక సహాయ గైడు? ఆక్సిజన్ ఉందా? పోర్టర్ల మోత 20 కిలోలు దాటకుండా చూస్తారా, కూలి సరిగ్గా ఇస్తారా? ఈ నాలుగిటికీ సూటిగా జవాబివ్వని కంపెనీ వద్దు. ఇన్సూరెన్సు 6,000 మీటర్ల దాకా వర్తిస్తుందో లేదో కూడా చూసుకోండి.

శిఖరం మీద పావుగంట చాలు. దిగేముందు బూట్ల లేసులు చీలమండ దగ్గర బిగించండి. లేకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. చేతికర్రలు కాస్త పొడవు పెంచి, మోకాళ్లు కొద్దిగా వంచి దిగండి. బరాఫు చేరగానే నిద్ర ముంచుకొస్తుంది. అయినా ముందు నీళ్లు తాగి, వేడిగా ఏదైనా తిని, గంటో రెండు గంటలో పడుకోండి. ఆ తర్వాత సుమారు 3,100 మీటర్ల ఎత్తున్న మ్వేకా క్యాంపు దాకా ఇంకా దిగాలి.