వీపీఎన్‌లో తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మడికొండ ఐటీ పార్క్‌లోనో, ఇంట్లోనో కూర్చుని హైదరాబాద్ ఆఫీసు పని చేసేవాళ్లు పొద్దున్నే ముందుగా ఆన్ చేసేది వీపీఎన్, అంటే మన డేటాను ఎవరికీ అర్థం కాకుండా మార్చి ఒక సర్వర్ దాకా పంపే ఏర్పాటు. ప్రకటనల్లో దాన్ని సొరంగంలా బొమ్మ గీస్తారు. నాకా బొమ్మ నచ్చదు. సొరంగం ఎక్కడా లేదు. మీ డేటా అదే వైఫైలో, అదే కేబుల్‌లో అందరి డేటాతో కలిసే పోతుంది. మధ్యలో పట్టుకున్నవాడికి అర్థం కాదు, అంతే.

మరి అసలు చిక్కు ఎక్కడుంది? కాజీపేట జంక్షన్‌లో రైలు కోసం చూస్తూ ఏదో ఒక వైఫై పట్టుకున్నారనుకోండి. మీ ఫోన్‌కూ వీపీఎన్ సర్వర్‌కూ కలిపి ఒక రహస్య కీ కావాలి, అంటే డేటాను గజిబిజి చేసి మళ్లీ విప్పే తాళంచెవి లాంటి అంకె. దాన్ని పంపుదామంటే ఉన్న దారి ఆ వైఫై ఒక్కటే. అక్కడే ఒకడు వింటున్నాడు. ఎలా?

దీనికి దారి చూపించింది 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు. కీని పంపొద్దు, ఇద్దరూ విడివిడిగా తయారు చేసుకోవాలి అన్నారు. చిన్న అంకెలతో చేసి చూద్దాం, కాగితం తీయండి. 23, 5 అనే రెండు అంకెలు అందరికీ తెలుసు, వినేవాడికి కూడా. ఫోన్ తన మనసులో 3 అనుకుంది. మూడు 5లు గుణిస్తే 125, దాన్ని 23తో భాగిస్తే శేషం 10. ఆ 10ని పైకే చెప్పేసింది. సర్వర్ 7 అనుకుంది. ఏడు 5లు గుణిస్తే 78,125, శేషం 17. అదీ పైకే చెప్పింది. ఇప్పుడు ఫోన్ తనకొచ్చిన 17ని మూడుసార్లు వేసి గుణిస్తే 4,913, శేషం 14. సర్వర్ 10ని ఏడుసార్లు వేసి గుణిస్తే కోటి, శేషం మళ్లీ 14! ఆ 14 ఒక్కసారి కూడా వైఫై మీదికి రాలేదు.

ఇంత చిన్న అంకెలైతే వినేవాడు వెనక్కి లెక్కేసి పట్టేస్తాడు. అందుకే నిజంగా వాడేవి చాలా పెద్దవి. వైర్‌గార్డ్ లాంటి కొత్త వీపీఎన్‌లు ఇదే ఉపాయాన్ని ఎలిప్టిక్ కర్వ్ అనే ఒక రకం గణిత వక్రరేఖ మీద, 256 బిట్ల స్థాయి అంకెలతో చేస్తాయి. అయితే అవతల ఉన్నది నిజంగా మీ సర్వరేనా, మధ్యలో దూరినవాడా? ఈ లెక్క ఒక్కటే దానికి జవాబు చెప్పదు. అందుకే ఆ సర్వర్‌దని ముందే తెలిసిన పబ్లిక్ కీ (దాచకుండా అందరికీ ఇచ్చే కీ)తోనో, గుర్తింపు కార్డు లాంటి సర్టిఫికెట్‌తోనో సరిచూసుకుంటారు.

కీ దొరికాక మిగతాది సులువే. నెట్‌లో మీ డేటా ప్యాకెట్లనే చిన్న మూటలుగా వెళ్తుంది. ఆ ప్యాకెట్ మొత్తాన్ని ఏఈఎస్, చాచా20 లాంటి పద్ధతితో గజిబిజి చేసి, సర్వర్ అడ్రస్ రాసిన ఇంకో ప్యాకెట్‌లో పెడతారు. మధ్యలో ఒక్క బిట్ మార్చినా తెలిసిపోయేలా వెంట ఒక ట్యాగ్ వేస్తారు. వైర్‌గార్డ్ అయితే డేటా నడుస్తున్నంతసేపూ సుమారు రెండు నిమిషాలకోసారి కీ మార్చేస్తుంది, పాతవి చెరిపేస్తుంది. రేపు మీ ఫోన్ ఎవరి చేతికో చిక్కినా, ఇవాళ రికార్డు చేసి పెట్టుకున్న డేటా దాంతో తెరుచుకోదు. నాకు బాగా ముచ్చటేసేది ఇదే.

ఇప్పుడు కొంచెం టెన్షన్ పెట్టే మాట. ఈ గజిబిజి అంతా సర్వర్ దాకే. అక్కడ విప్పేస్తారు. ఇన్నాళ్లూ మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో మీ నెట్ కంపెనీ చూసేది, ఇక వీపీఎన్ కంపెనీ చూస్తుంది. లోపల హెచ్‌టీటీపీఎస్ (సైట్ తనంతట తాను వేసుకునే తాళం) ఉంటే పాస్‌వర్డ్‌లు, మెసేజ్‌లు అప్పటికీ కనపడవు. ఊరికే వచ్చే వీపీఎన్ యాప్ వేసుకునే ముందు, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారని అడగండి. మన దేశంలోనైతే, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు ఉంచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. అది ఒప్పుకోని కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు తీసేశాయి.

జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇంకో మాట. దుబాయ్‌లో ఉన్న అన్నతో వాట్సాప్ కాల్ కలవక వీపీఎన్ వేయమంటుంటారు. గణితం అక్కడా పనిచేస్తుంది. చట్టం మాత్రం వేరు. అక్కడ వీపీఎన్ చాటున నేరం చేస్తే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది. వేయమనే ముందు ఆలోచించండి.

పక్క ల్యాబ్‌లో రెండు కంప్యూటర్లలో వైర్‌షార్క్ అనే, నెట్‌లో పోయే డేటాను చూపించే ప్రోగ్రామ్ తెరిచి ఉంచాం. ఒకదాంట్లో వీపీఎన్ ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఏ దాంట్లో సైట్ల పేర్లు కనిపిస్తున్నాయో మీరే చూసి చెప్పండి, పదండి.