పైనున్న సంచి, రొంటిన ఉన్న సంచి

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో, పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్ళే పెద్దల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్ళు "విమాన ప్రయాణం గురించి నాలుగు ముక్కలు చెప్పండమ్మా" అన్నారు. నేను ఒక్క ముక్కే చెప్పడానికి వచ్చాను. అత్యవసరంగా విమానం దిగిపొమ్మన్నప్పుడు, తలమీద అరలో ఉన్న మన సంచి తీసుకోవాలా, వద్దా?

జవాబు ముందే చెప్పేస్తున్నాను. వద్దు. ఇంతటితో కూర్చుంటే టీ వేడిగా ఉండగానే తాగొచ్చు. కానీ "వద్దు" అన్న సంగతి ఈ హాల్లో తెలియనివాళ్ళు లేరు. తెలిసే తీస్తారు. నేను 19 ఏళ్ళు కేబిన్ క్రూగా పనిచేసి, అందులో చివరి ఏడేళ్ళు కొత్తవాళ్ళకు ఇదే పాఠం చెప్పాను. అలాంటిదాన్ని నేనూ తీయబోయాను. ఆ కథ చెప్తాను.

ఉద్యోగం మానేశాక ఒకసారి మా అమ్మను తీసుకుని ఇక్కడి నుంచి హైదరాబాద్ బయలుదేరాను. విమానం ఇంకా కదల్లేదు, మెట్లు కూడా తీయలేదు. ఏదో మాడిన వాసన వచ్చింది. ముందు వరుసల దగ్గర సన్నగా పొగ. "సామాను వదిలేసి వెంటనే దిగండి" అని అమ్మాయిలు కేకేశారు. నేను లేచాను. లేచి ఏం చేశానో తెలుసా? వంగి, సీటు కింద ఉన్న నా హ్యాండ్‌బ్యాగు పట్టీ పట్టుకున్నాను. ఆలోచించి చేసిన పని కాదది. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. అమ్మ అప్పటికే పై అర తెరిచేసింది. "వదిలెయ్యమ్మా" అంటే, "ఏటే, పాసుపుస్తకాలూ మాత్రలూ అన్నీ అందులోనే ఉంటే వదిలెయ్యమంటావేటే?" అంది. మా వెనక నడవలో ఎనిమిది మంది ఆగిపోయి ఉన్నారు. ఎవరూ తిట్టలేదు, తోయలేదు. అందరూ తమ తమ అరల వైపు చూసుకుంటున్నారు.

ఆ రోజు ఏమీ కాలేదు. ఏదో వైరు కాలిందట. గంటన్నర తర్వాత వేరే విమానం ఎక్కించారు. కానీ ఆ ఎనిమిది మంది మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఈ మధ్య ఎవరితో మాట్లాడినా ఒకటే మాట: "విమానం పడితే ఇంకేముందమ్మా, మిగిలేదెవరు?" 2025లో అహ్మదాబాద్‌లో కూలిన విమానాన్ని చూశాక ఆ మాట అనడంలో తప్పు లేదు. కానీ ప్రమాదాలన్నీ అలాంటివి కావు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1983 నుంచి 2000 వరకు తమ దేశపు ఎయిర్‌లైన్స్ ప్రమాదాలన్నీ లెక్క తీసింది. మొత్తం 568 ప్రమాదాలు. వాటిలో ఉన్న 53,487 మందిలో 51,207 మంది బతికారు. అంటే నూటికి 95 మందికి పైనే. మనకు గుర్తుండేది మిగతా ఐదుగురి విమానాలు. కాబట్టి సంచి ప్రశ్న మనలాంటి బతికే అవకాశం ఉన్నవాళ్ళదే.

బతికే అవకాశం ఉండి కూడా పోగొట్టుకున్న సంఘటన 1985 ఆగస్టు 22న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో జరిగింది. ఆ విమానం ఎగరనే లేదు. రన్‌వే మీద పరిగెడుతుండగా ఇంజిను పగిలి, ముక్క వెళ్ళి రెక్కలోని ఇంధన ట్యాంకును చీల్చింది. పైలట్ విమానాన్ని ఆపాడు. నేల మీద నిలబడి ఉన్న విమానంలో, 137 మందిలో 55 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. సీట్లు, గోడల ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, సైనైడ్ వాయువు ఉంటుంది. కొన్ని గుక్కలు పీలిస్తే కాళ్ళు సహకరించవు. ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి సంగతి విశాఖవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో మనుషులు నడుస్తూ నడుస్తూ రోడ్డు మీద కూలిపోవడం టీవీల్లో చూశాం. ఆ రాత్రి పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తినవాళ్ళు బీరువా తాళాలు వెతుక్కోలేదు.

హుద్‌హుద్ అలా కాదు. 2014 అక్టోబరు 12న తీరం దాటుతుందని రోజుల ముందే చెప్పారు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకున్నాం, కొవ్వొత్తులు కొనుక్కున్నాం, పాలపాకెట్లు దాచుకున్నాం. తుఫాను కబురు పెట్టి వస్తుంది, సర్దుకునే టైమిస్తుంది. మన బుర్రలో ఉన్న "ప్రమాదం వస్తే ముఖ్యమైనవి తీసుకుని బయటపడాలి" అనే పాఠం తుఫాను నేర్పినది. విమానంలో పొగకు ఆ పాఠం పనికిరాదు.

ఇప్పుడు కొంచెం లెక్క. కొత్త రకం విమానం తయారుచేసిన కంపెనీ, నిండా జనాన్ని కూర్చోబెట్టి, చీకట్లో, సగం ద్వారాలు మూసేసి, 90 సెకన్లలో అందరినీ దింపి చూపించాలి. 1967 నుంచి అమెరికాలో ఇదే నిబంధన. పరీక్షకు వచ్చేవాళ్ళలో నూటికి 35 మందైనా యాభై దాటినవాళ్ళు ఉండాలి. చంటిపిల్లల బదులు బొమ్మలు ఇస్తారు. ఏ380 అనే రెండంతస్తుల విమానాన్ని 2006లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఇలాగే పరీక్షించారు. సిబ్బందితో కలిపి 873 మంది 78 సెకన్లలో బయటపడ్డారు. ఒకాయనకు కాలు విరిగింది.

మనం విశాఖ నుంచి మామూలుగా ఎక్కే ఏ320 సంగతి చూద్దాం. 180 సీట్లు అనుకోండి. ద్వారాలు ఎనిమిది, రెక్కల మీదివి కలుపుకుని. సగం పనిచేయలేదంటే నాలుగు. ఒక్కో ద్వారానికి 45 మంది. తలుపు తీసి, జారి దిగే స్లైడుకు గాలి నిండేసరికి పది పన్నెండు సెకన్లు పోతాయి. మిగిలిన టైమును 45 మందికి పంచితే మనిషికి రెండు సెకన్లు కూడా రాదు. రెండు సెకన్లంటే ఎంత? ఒక తుమ్ము. మా అమ్మ పై అర మూత ఎత్తడానికే అంతకంటే ఎక్కువ పట్టింది.

నడవ వెడల్పు కూడా చెప్పాలి. నిబంధన ప్రకారం పెద్ద విమానాల్లో అది కింది భాగంలో కనీసం 15 అంగుళాలు, పై భాగంలో 20 అంగుళాలు. కేబిన్‌లోకి తెచ్చుకోనిచ్చే పెట్టె వెడల్పు 35 సెంటీమీటర్లు, అంటే దాదాపు 14 అంగుళాలు. మీరు పెట్టె కింద పెట్టి లాగారంటే నడవ మూసుకుపోయినట్టే. చక్రాల పెట్టె ఒక్కటి పడిపోతే దాన్ని దాటాల్సింది వెనకాల ఉన్న అమ్మమ్మ.

నాకు ఆ 90 సెకన్ల పరీక్ష మీద చిన్న చిరాకు ఉంది. నడవలో సంచులు, దిండ్లు చెల్లాచెదురుగా పడేస్తారు, అది మంచిదే. కానీ వాటిలో ఏ సంచీ అక్కడున్నవాళ్ళ సొంతం కాదు. ఎవరి డిగ్రీ సర్టిఫికెట్లూ, ఎవరి మంగళసూత్రం గొలుసూ అందులో ఉండవు. సొంతమన్నది ఉంటే మనిషి వేరే.

ఈ వేరే మనిషిని చూపించిన ప్రయోగం ఒకటుంది. మాంచెస్టర్ ప్రమాదం తర్వాత ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో హెలెన్ మ్యూర్ అనే పరిశోధకురాలు జనాన్ని విమానంలో కూర్చోబెట్టి దిగమన్నారు. మామూలుగా దిగమంటే బుద్ధిగా వరసలో దిగారు. తర్వాత, ముందు దిగిన సగం మందికి ఐదు పౌండ్లు అదనంగా ఇస్తామన్నారు. అంతే! సీట్ల మీద నుంచి దూకారు, ఇరుకైన చోట ఒకరి మీద ఒకరు పడి దారి బిగుసుకుపోయింది. ఐదు పౌండ్లకు. మన ఆర్టీసీ కాంప్లెక్సులో సంక్రాంతికి కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టిన వాళ్ళకు ఇది ఆశ్చర్యంగా ఉండదు.

సంచులు తీసేవాళ్ళు అత్యాశపరులని నేను అనను. అమెరికా బోర్డే 2000లో 46 అత్యవసర దిగింపులను పరిశీలించింది. చేతిసంచి ఉన్నవాళ్ళలో దాదాపు సగం మంది దాన్ని తీసుకోవడానికి ప్రయత్నించామని ఒప్పుకున్నారు. ఎందుకంటే డబ్బు, పర్సు, కార్డులు అన్నవాళ్ళు ఎక్కువ. ఆ తర్వాత ఆఫీసు కాగితాలు, ఇంటి తాళాలు, మందులు. చూడండి, అందులో నగల పెట్టె లేదు, పట్టుచీర లేదు. తాళాలు, మందులు! దిగాక బతకడానికి కావలసినవి. మా అమ్మ చెప్పిన కారణం కూడా అదే.

2016 ఆగస్టు 3న దుబాయ్‌లో మన తిరువనంతపురం నుంచి వెళ్ళిన విమానం రన్‌వే మీద పొట్ట ఆనించి జారి ఆగింది. 300 మంది. లోపల పొగ, పైనుంచి సామాను దించుకుంటున్న జనం, ఆ వీడియో మీలో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. లోపలున్న 300 మందీ బతికారు. విమానం ఆగిన సుమారు తొమ్మిది నిమిషాలకు మధ్య ట్యాంకు పేలి, మంటలార్పడానికి వచ్చిన అగ్నిమాపక ఉద్యోగి ఒకాయన చనిపోయాడు. తర్వాత ఆ విమానం నడిపిన ఎమిరేట్స్ సంస్థ ఒక్కో ప్రయాణికుడికి 7,000 డాలర్లు ఇచ్చింది, సామానుకు 2,000, మిగతాది పడిన ఇబ్బందికి.

2019 మే 5న మాస్కోలో కాలిన విమానం గురించి మాత్రం జాగ్రత్తగా మాట్లాడతాను. 78 మందిలో 41 మంది పోయారు. సూట్‌కేసులతో పరిగెడుతున్నవాళ్ళ ఫోటోలు చూసి లోకమంతా వాళ్ళను తిట్టిపోసింది. కానీ ఆ విమానం వెనక భాగమంతా మంటల్లో ఉంది. ఆ చావులన్నీ తీసుకెళ్ళి నాలుగు సంచుల ఖాతాలో రాయడం నాకు న్యాయంగా అనిపించదు. భయపెట్టి గెలవాలంటే ఆ కథ పనికొస్తుంది. నాకు అలా గెలవాలని లేదు.

హనేదా విమానాశ్రయం కథ చెప్తాను. 2024 జనవరి 2, టోక్యో. జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దిగుతూ రన్‌వే మీద ఉన్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొంది. కోస్ట్‌గార్డ్ విమానంలో ఆరుగురిలో ఐదుగురు పోయారు. పెద్ద విమానంలో 379 మంది, వాళ్ళలో ఎనిమిది మంది చంటిపిల్లలు. మైకు పనిచేయలేదు. ఎనిమిది తలుపుల్లో మూడే తెరవగలిగారు. ఎయిర్‌హోస్టెస్‌లు మెగాఫోన్లతో, గొంతు చించుకుని అరిచి అందరినీ దించారు. 379 మందీ బయటపడ్డారు. తర్వాత విమానం బూడిదయింది. జనం దాదాపుగా ఖాళీ చేతులతో దిగారు.

ఇది చెప్పినప్పుడు ఒక మాస్టారు నన్ను నిలదీశారు. "అందరూ దిగేసరికి 18 నిమిషాలు పట్టిందట కదమ్మా. మరి సంచి తీసుకోవడానికి బోలెడు టైముంది!" మంచి ప్రశ్నే. టైముందని మనకు ఇప్పుడు తెలుసు. పొగలో కూర్చున్నవాళ్ళకు అది ఒక్క నిమిషమో, ఇరవై నిమిషాలో ఎవరు చెప్పారు? 1983లో సిన్సినాటిలో దిగిన ఎయిర్ కెనడా విమానంలో తలుపులు తెరిచాక నిమిషం, నిమిషంన్నరలోపే లోపలంతా ఒక్కసారి భగ్గుమంది. 46 మందిలో 23 మంది బయటికి రాలేకపోయారు.

స్లైడు గురించి రెండు మాటలు. అది గాలి నింపిన బట్ట. ఏటవాలుగా, చూసినదానికంటే వేగంగా జారుస్తుంది. పెట్టె పట్టుకుని జారితే చేతులు ఖాళీ ఉండవు, కింద నిలదొక్కుకోలేరు, వెనకొచ్చినవాళ్ళు మీ మీద పడతారు. పెట్టె మూలలు, చెప్పుల సూది మడమలు బట్టను చింపితే ఆ ద్వారమే పోయినట్టు.

కొందరు అంటారు, పై అరలకు పైలట్ చేతిలో తాళం పెట్టాలని. ఆలోచన బాగానే ఉంది, కానీ మూత రాకపోతే మనవాళ్ళు గుంజుతూ అక్కడే నిలబడతారని నా అనుమానం. జరిమానా వెయ్యమంటారు కొందరు. పొగలో జరిమానా ఎవరికి గుర్తుంటుంది? ఎయిర్‌లైన్స్‌ను కూడా ఒక మాట అనాలి. కింద వేసే సామానుకు కిలో కిలోకూ డబ్బులు గుంజితే, జనం ప్రాణమంతా పై అరలోకే ఎక్కిస్తారు మరి.

నాకు తెలిసిన ఉపాయం మన నాయనమ్మలది. వాళ్ళు సంతకు వెళ్తే డబ్బు గంపలో పెట్టేవాళ్ళా? రొంటిన దోపుకునేవాళ్ళు. గంప పోయినా, రొంటిన ఉన్నది ఇంటికి వచ్చేది. విమానం కదిలేటప్పుడు, దిగేటప్పుడు పాస్‌పోర్టు, ఫోను, కార్డు, రెండు రోజుల మాత్రలు, ఇన్‌హేలర్ వాడేవాళ్ళకు ఇన్‌హేలర్, ఇవి ఒంటి మీద ఉండాలి. చెప్పులు కాళ్ళకు ఉండాలి. పాస్‌పోర్టు పోయినా ప్రాణం పోదు, మన ఎంబసీ వాళ్ళు ఇండియా రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. కానీ పరదేశంలో కాగితం లేకుండా నిలబడాలంటే ఉండే భయం నాకు అర్థమవుతుంది, అందుకే అది జేబులో పెట్టుకోమంటున్నాను. అప్పుడు చెయ్యి పైకి వెళ్ళే కారణమే ఉండదు.

మా అమ్మకు పూర్ణా మార్కెట్ దగ్గర దర్జీ చేత ఒక బట్టసంచి కుట్టించాను. నడుముకు కట్టుకునేది, గుండీతో. మొన్న చెన్నై వెళ్ళేటప్పుడు కట్టుకుంది. లోపల ఆధార్, బీపీ మాత్రలు, ఫోను, ఐదు వందల నోట్లు మూడు, సింహాచలం అప్పన్న కుంకం పొట్లం. సీట్లో కూర్చున్నాక తడుముకుని చూసుకుని, "ఇంకా చోటుందే, నీ ఫోను కూడా ఇందులో పడెయ్యనా?" అంది. ఇచ్చేశాను. చెన్నైలో దిగి, అమ్మ గుండీ విప్పి ఇచ్చేదాకా క్యాబ్ బుక్ చెయ్యడానికి లేకపోయింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. టీ కూడా వచ్చినట్టుంది.