శా.శ. అంటే "శాశ" కాదు నాయనా! | 18 గంటల రుద్రమదేవి ఆడియో నవల రివ్యూ

నమస్కారం అండీ. ఒక్క నిమిషం, మైకు పట్టుకుందో లేదో చూసుకుంటా. ఆ, వస్తోంది.

ముందే ఒక మాట. ఈ ఆడియోబుక్ యాప్ వాళ్లు నాకు మూడు నెలల సభ్యత్వం ఊరికే ఇచ్చారు. డబ్బులేం ఇవ్వలేదు. "మా చారిత్రక నవలలు విని మీ వాళ్లకు చెప్పండి మేడం" అన్నారు. సరేనన్నా. ఇప్పుడు నేను చెప్పేది విన్నాక మళ్లీ పలకరిస్తారో లేదో మరి. అందుకే యాప్ పేరు గానీ నవల పేరు గానీ చెప్పట్లేదు. వాళ్లని బజారుకీడవడం నా ఉద్దేశం కాదు. నేను మొత్తుకునే విషయం చాలా ఆడియోబుక్కుల్లో ఉంది.

నెలకెంత, ఎన్ని పుస్తకాలున్నాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చా, ఇవన్నీ ఈపాటికి నాలుగు వీడియోల్లో చూసేసి ఉంటారు. వాటి జోలికి పోను.

నేను విన్నది రుద్రమదేవి మీద నవల. 18 గంటలు. రోజూ ఉప్పల్ నుంచి రాయదుర్గం మెట్రోలో వెళ్లొస్తా కాబట్టి పోనూ రానూ రెండు గంటలు నా చెవులు ఖాళీ. తొమ్మిది రోజుల్లో అయిపోయింది. మూడో రోజు సాయంత్రం మోటుపల్లి రేవు అధ్యాయం వింటూ ఉప్పల్‌లో దిగడం మర్చిపోయి నాగోలు దాకా పోయా. అదే చివరి స్టేషన్ కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకెక్కడ తేలేదాన్నో. కథ ఎలా ఉందో దీన్నిబట్టి మీకే అర్థమైపోయుంటుంది. ఇక నిశ్చింతగా తిట్టుకుంటా.

ఆ మోటుపల్లి సంగతి చెప్పి తీరాలి. 1244లో రుద్రమ తండ్రి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం గురించి స్కూల్లో ఒక్క ముక్క చదివాం, "విదేశీ వ్యాపారాన్ని ప్రోత్సహించెను" అని. అంతే, రెండు మార్కులు. అసలు విషయం ఏంటంటే, అంతకు ముందు తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే ఆ సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ప్రాణాలు దక్కి ఒడ్డెక్కినవాడికి ఇంకేం మిగలదు. గణపతిదేవుడు ఏమన్నాడంటే, ప్రాణం కన్నా ధనం ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్లు వీళ్లు, వీళ్ల దగ్గర సుంకం తప్ప ఇంకేం తీసుకోం అన్నాడు. ఆ సుంకం కూడా ముప్పై వంతుల్లో ఒక వంతు. ఈ నవలలో దాన్ని ఒక ముసలి సరంగు, అంటే ఓడ నడిపేవాడి నోట చెప్పించారు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు అని ఒక్కో సరుకు పేరూ చెప్పుకుంటూ పోతాడు. పుస్తకంలో అయితే ఆ పేరా మీద నా కళ్లు జారిపోయేవి. చెవిలో పడితే వేరే సంగతి, జాబితా కాస్తా పాట అయిపోయింది. అప్పుడే నా స్టేషన్ దాటిపోయింది.

ఇప్పుడు నా బాధ.

చదివినాయన గొంతు బాగుంది. నిండుగా, గంభీరంగా ఉంది. కానీ ఆయనకి ఎదురుగా కాగితం మీద "శా.శ." అని ఉంటే "శాశ" అని చదివాడండీ! శాలివాహన శకం నాయనా అది! మొదటిసారి విన్నప్పుడు ఎవరో దాసీ పేరనుకున్నా. "శాశ పన్నెండు వందల పదకొండులో..." అంటాడు. ఈ శాశ ఎవరు, ఎప్పుడొచ్చింది, కునుకు పట్టినప్పుడు గానీ వచ్చి వెళ్లిందా అని పదిహేను సెకన్లు వెనక్కి నొక్కా, మళ్లీ నొక్కా. నాలుగోసారికి వెలిగింది.

నవ్వుకుని వదిలేద్దామంటే, అసలు తంటా ఆ అంకెతో వచ్చింది. శాలివాహన శకానికి 78 కలిపితే మన మామూలు సంవత్సరం వస్తుంది. 1211కి 78 కలిపితే 1289. అది రుద్రమ మరణం గురించి చెప్పే చందుపట్ల శాసనం సంవత్సరం. ఈ నవల మొదట్లో ఏమో గణపతిదేవుడు 1199లో పట్టానికొచ్చాడని చెప్పారు. అది క్రీస్తు శకం. రెండూ ఒకే గొంతుతో, ఒకే ధోరణిలో వినపడితే వినేవాడి లెక్క ఏంటి? నాన్న గద్దెనెక్కిన పన్నెండేళ్లకే కూతురు రాజ్యం చేసి, ముసలిదై, చనిపోయిందన్నమాట! కాగితం మీద అయితే "శా.శ." కంటికి ఆనుతుంది, మనసు దానంతటదే సర్దుకుంటుంది. చెవికి ఆ సాయం లేదు. రికార్డింగుకి ముందు ఎవరైనా కూర్చుని ఆ 78 కలిపి రాసిస్తే పోయేది. అరపూట పని.

ఇలాంటిదే ఇంకోటి. రుద్రమ మగ పేరుతో రాజ్యం చేసిందని మీకు తెలుసు కదా, శాసనాల్లో "రుద్రదేవ మహారాజు" అని వస్తుంది. ఆ వంశంలోనే రెండు తరాల ముందు ఇంకో రుద్రదేవుడున్నాడు, హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించినాయన. నవలలో ఇద్దరూ వస్తారు. చదివితే తికమక ఉండదు. వింటుంటే మాత్రం ఒక అధ్యాయమంతా పెద్దాయన బతికే ఉన్నాడనుకుంటూ కూర్చున్నా.

సంగీతం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. రాజు లోపలికొస్తే శంఖం. కత్తి తీస్తే జింగ్. ఎవరైనా ఏడిస్తే సన్నాయి. దాన్ని ఆపే బటన్ లేదు. 1.25 వేగంలో పెడితే ఆ సన్నాయి పెళ్లి బ్యాండులా వినిపిస్తుంది. అయిపోయింది.

ఇక మీరు నన్ను తిట్టినా సరే, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా. చివరి గంటన్నర. ఎదురు తిరిగిన సామంతుడు అంబదేవుడితో యుద్ధం, రుద్రమ చనిపోవడం. రాత్రి, వాన, గుడారంలో దీపం, మనవడు ప్రతాపరుద్రుడి గురించి ఆమె చివరి మాటలు. నేను తార్నాక దగ్గర కళ్లు తుడుచుకుంటుంటే పక్కనున్న ఆవిడ టిష్యూ ఇచ్చింది. బాగా రాశారు, కాదనను.

ఇంటికొచ్చాక డౌటొచ్చింది. ఇందులో మనకి తెలిసిందెంత? చందుపట్ల రాతి మీద ఉన్నది చాలా చిన్న విషయం. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు, కాకతి రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలిగిందని, వాళ్ల పుణ్యం కోసం గుడికి భూమి ఇచ్చాడు. అంతే. యుద్ధంలో పోయిందని రాయి చెప్పదు. రాణీ సేనానీ ఇద్దరి పేర్లూ కలిపి ఉండటాన్ని, అప్పటికే అంబదేవుడి తిరుగుబాటు నడుస్తుండటాన్ని బట్టి చరిత్రకారులు అలా ఊహించారు. గట్టి ఊహే. ఊహే. ఆ శాసనం సంగతి తెలియక ముందు పాత పుస్తకాల్లో ఆమెని 1290ల దాకా బతికించారు కూడా. ఒక సేవకుడు వేయించిన చిన్న రాయి మొత్తం కాలపట్టికని మార్చేసింది. ఇది ఆ గుడారం సీను కన్నా గొప్ప కథ కాదా చెప్పండి?

అనుమానం తీరక ఆ నవల ప్రింటు పుస్తకం కొన్నా. చివర్లో ఆరు పేజీల "రచయిత మాట" ఉంది! ఏది శాసనం, ఏది ఊహ, ఏ పాత్ర కల్పితం, ఆ మోటుపల్లి సరంగు సహా, అన్నీ నిజాయితీగా చెప్పుకున్నారు పాపం. ఆడియోలో ఆ ఆరు పేజీలు లేవు. ఎగరగొట్టేశారు. 18 గంటలు చదివించినవాళ్లకి ఇంకో పావుగంట బరువైపోయిందా? నాకు నిజంగా మండింది. ఆ సరంగు లేడని ఇంతాలస్యంగా తెలిసి బాధేసింది కూడా.

మా అమ్మమ్మ వాళ్లది మాచర్ల దగ్గర పల్లెటూరు. శ్రీరామనవమి పందిట్లో బుర్రకథ చెప్పించేవాళ్లు. మాకు రాత్రి పదికి మొదలై ఎప్పటికో అయ్యేది, నేను సగంలో గోనెపట్టా మీద పడుకునేదాన్ని. చూసినవాళ్లకి తెలుస్తుంది, మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు. అటొకడు ఇటొకడు డక్కీలతో వంతలు. ఒకాయన రాజకీయం, ఒకాయన హాస్యం. కథకుడు ఊపులో బొబ్బిలి కోట గురించి ఆకాశానికి ఎత్తేస్తుంటే హాస్యగాడు "అంతెత్తా? నువ్వు కొలిచావా గురూ?" అనేవాడు. జనం గొల్లుమనేవాళ్లు. రాజకీయం ఆయనేమో "బుస్సీ ఎందుకొచ్చాడంటే" అని అసలు లెక్క విప్పేవాడు, ఫ్రెంచివాళ్ల డబ్బు, నిజాం, బొబ్బిలి మీద విజయరామరాజు పాత పగ. మళ్లీ "తందాన తాన", మళ్లీ కథ. మేం చిన్నపిల్లలం, అయినా ఏది కథో ఏది లెక్కో మాకు తెలిసిపోయేది. గొంతు మారేది కదా!

నేననేది ఏంటంటే, ఈ ఆడియో నవలలకి వంత లేడు. కథకుడొక్కడే ఉన్నాడు. "నువ్వు చూశావా గురూ?" అని అడిగేవాడు లేడు. ప్రతి అధ్యాయం చివర ఇంకో గొంతు వచ్చి ఒక్క నిమిషం, "ఈ అధ్యాయంలో శాసనంలో ఉన్నది ఇది, మిగతాది మా రచయిత అల్లిక" అంటే రసం చెడిపోతుందా? బుర్రకథలో చెడలేదు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది, కోట ఒక్క రోజులో పడింది. ఆ ఒక్క రోజుని తరాల తరబడి జనం రాత్రంతా కూర్చుని విన్నారు, మధ్యలో జోకులేస్తున్నా, ప్రశ్నలేస్తున్నా ఏడ్చేచోట ఏడ్చారు. తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలో దూరేసరికి పందిరంతా ఊపిరి బిగబట్టేది.

ఇంకోటి చెప్పి ముగిస్తా. కోపంలో నవలలు పక్కన పెట్టేసి అదే యాప్‌లో ఇంగ్లీషులో ఒకటి విన్నా. పయస్ అని పోర్చుగీసు ఆయన, 1520 ప్రాంతంలో విజయనగరం చూసి రాసుకున్నది. సూయెల్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు దాన్ని 1900లో ఇంగ్లీషులో వేశాడు. చదివిన గొంతు బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచినట్టుంది. శంఖం లేదు, సన్నాయి లేదు. ఆనందంగా ఉంది!

అందులో కృష్ణదేవరాయలు వస్తాడు. మన నవలల్లో ఆయన ఆరడుగులుంటాడు, అడుగేస్తే భూమి అదురుతుంది. పయస్ చూసిన మనిషి మధ్యస్థం పొడుగు, సన్నం కన్నా కాస్త లావు వైపే, మొహం మీద స్ఫోటకం మచ్చలు. రోజూ తెల్లారకముందే లేచి ముప్పావు పింటు నువ్వుల నూనె తాగుతాడు, మన కొలతలో 400 మిల్లీలీటర్ల పైమాటే. ఒళ్లంతా అదే నూనె పట్టించి, చిన్న గోచీ కట్టి, మట్టితో చేసిన పెద్ద బరువులెత్తి, కత్తి పట్టి ఆ నూనంతా చెమటగా కారేదాకా సాము చేస్తాడు. తర్వాత కుస్తీ. ఆపైన గుర్రమెక్కి మైదానంలో తెల్లారేదాకా పరుగు.

మెట్రోలో నిలబడి, చేతిలో టీ గ్లాసు లేకపోయినా ఉన్నట్టే నోరెళ్లబెట్టా. ఇంత నూనె! అమ్మకి చెబితే "అందుకే అన్ని యుద్ధాలు గెలిచాడు, నువ్వు స్పూనుడు వేసుకోవు" అంది. ఏ నవలాకారుడూ ఈ నూనె గ్లాసు ఊహించలేడండీ. ఊహించినా ఎడిటరు కొట్టేస్తాడు.

సరే, తీర్పు. నవలకి, రాసినవాళ్లకి, పదికి ఎనిమిది. మోటుపల్లి అధ్యాయానికి పదికి పదకొండు. ఆ ఆడియో తయారుచేసినవాళ్లకి మూడు, ఆ మూడు కూడా గొంతుకే. చివరి ఆరు పేజీలు పెడితే ఏడు చేస్తా, శాశని తీసేస్తే ఎనిమిది. పయస్‌కి మార్కులు వేయడానికి నేనెవర్ని. ఊరికే ఇచ్చిన మూడు నెలలు అయ్యాక డబ్బు కడతారా అని అడుగుతారు కదా, కడతా. తిట్టుకుంటూనే. ప్రింటు పుస్తకం కూడా కొంటా, చివరి పేజీల కోసం. అంటే ఒక్కో నవలకి రెండు ఖర్చులు.

వచ్చే ఆదివారం నకిరేకల్ దగ్గర చందుపట్ల వెళ్తున్నాం, మా తమ్ముడు బండి తెస్తానన్నాడు. విజయవాడ హైవే మీద పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కకముందే చేరతాం. ఆ రాయి దగ్గర నిలబడి వీడియో తీస్తా, వెలుతురు బాగుంటే. ఈలోపు మీరు విన్న ఆడియోబుక్కుల్లో ఇలాంటి "శాశ"లేమైనా దొరికితే కింద రాయండి. ఉంటా మరి, అమ్మ పిలుస్తోంది, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది.