షాంపూ బార్ వాడాక జుట్టు పీచులా అయిందా? ముందు మీ బకెట్లో నీళ్లు చూడండి

దృశ్యం: దువ్వెన, బాగా దగ్గర నుంచి. పళ్ల మధ్య తెల్లటి జిగురు. గోటితో గీకుతున్నాను.

ఇది చుండ్రు కాదండీ, నూనె మురికీ కాదు. నిన్న తలస్నానం చేసి, జుట్టు ఆరాక ఒక్కసారి దువ్వితే ఈ దువ్వెనకి పట్టింది. వేళ్ల మధ్య నలిపి చూస్తే కొవ్వొత్తి మైనంలా ఉంది. సబ్బుతో తోముకున్న తలలోకి మైనం ఎక్కడి నుంచి వచ్చింది? నాకిది తేలడానికి దాదాపు మూడు నెలలు పట్టింది.

దృశ్యం: నేను కుర్చీలో. పక్కన బల్ల మీద నాలుగు ఖాళీ సీసాలు.

ప్లాస్టిక్ డబ్బాలు తగ్గిద్దామని షాంపూ బార్‌కి, అంటే సబ్బుబిళ్లలా గట్టిగా ఉండే షాంపూకి మారాను. విజయవాడలో ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో కొన్నా. గోధుమరంగు కాగితంలో చుట్టి నారతాడు కట్టిచ్చారు, వాసన కూడా బాగుంది. మొదటి తలస్నానం బానే గడిచింది. మూడోసారికల్లా జుట్టు తడిగా ఉండగానే వేళ్లు దూరడం మానేశాయి. ఆరితే అచ్చం కొబ్బరిపీచు. విచిత్రమేంటంటే కుదుళ్ల దగ్గర జిడ్డు, చివర్లు మాత్రం ఎండుగడ్డి. రెండూ ఒకే తలలో!

అమ్మినవాళ్లకి ఫోన్ చేశా. "అలవాటు పడాలండీ, నెల పడుతుంది, ఇన్నాళ్లూ పట్టిన కెమికల్స్ బయటికొస్తున్నాయి" అన్నారు. బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణమే లేదు, అది దేనికి అలవాటు పడుతుందో నాకైతే తెలియలేదు. అయినా డబ్బు పెట్టి కొన్నాం కదా అని ఐదు వారాలు ఓపిక పట్టా.

ఈలోగా సంక్రాంతికి గుంటూరు వెళ్లాను, బ్రాడీపేటలో అమ్మ వాళ్లింటికి. బార్ కూడా పట్టుకెళ్లా. భోగి తలంటు అయ్యాక అమ్మ చిక్కు తీయడానికి కూర్చుంది. దువ్వెన జారిపోతోంది. "ఏమే, ఫోన్లో పీచు పీచు అని అంత ఏడ్చావు, బానే ఉందిగా!" అంది. నాకూ అర్థం కాలేదు. పండగ అయిపోయి విజయవాడ పక్కన పోరంకిలో మా ఫ్లాట్‌కి వచ్చా. ఆదివారం అదే బార్, అదే తల. మళ్లీ పీచు.

మారినవి నీళ్లే.

దృశ్యం: మా బాత్రూం. కుళాయి మూతికి తెల్లటి పెచ్చు. బకెట్ లోపల చారలు.

అమ్మ వాళ్లింట్లో మున్సిపల్ కుళాయి. అది కృష్ణ నీరు, తక్కెళ్లపాడులో శుద్ధి అయి గుంటూరుకి వస్తుంది. మాది బోరు. మన పెద్దవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు, "ఈ నీళ్లకి పప్పుడకదు, సబ్బు నురగ రాదు" అని. బడిలో చదివిన కఠిన జలం అంటే ఇదే. నేలలో రాళ్ల మధ్య ఉండి ఉండి ఆ నీళ్లలోకి కాల్షియం, మెగ్నీషియం కరుగుతాయి. తాగేనీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. మీ ఇంట్లో టీడీఎస్ మీటర్ ఉంటే ఉండొచ్చు కానీ అది అన్ని లవణాలనీ కలిపి చూపిస్తుంది, కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. దానికంటే మంచి పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు.

దృశ్యం: నాలుగు సీసాలు, మూతలు తీసి. ఒకదాంట్లో గుంటూరు నీళ్లు. మిగతా మూడింట్లో బోరు నీళ్లు.

ఇది బస్సులో మోసుకొచ్చిన గుంటూరు కుళాయి నీరండీ, నవ్వకండి. ఈ మూడు మా బోరువి. అన్నింట్లోనూ నీళ్లు సగానికే. ఇప్పుడు నా బార్‌ని చాకుతో గీకి చిటికెడు పొడి మొదటి సీసాలో, అంతే పొడి రెండో సీసాలో వేస్తున్నా. మూత బిగించి ఇరవైసార్లు ఊపుదాం.

దృశ్యం: ఊపడం. తర్వాత రెండు సీసాలూ పక్కపక్కన, వెలుతురుకి ఎదురుగా.

గుంటూరు సీసాలో చూడండి, పైన రెండు వేళ్ల మందాన నురగ నిలబడింది, కింద నీళ్లు కాస్త మసకగా ఉన్నాయంతే. బోరు సీసాలో నురగ ఏది? నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఇంకొంచెం దగ్గరికి రండి. ఆ తునకలు కనిపిస్తున్నాయా? అచ్చం పాలు విరిగినట్టు. ఒక స్పూనుతో ఒక తునక తీసి వేళ్ల మధ్య నలుపుతున్నా. మైనం! దువ్వెన మీదున్నది ఇదే.

సబ్బు అంటే నూనెలోని కొవ్వు ఆమ్లానికి సోడియం జతపడిన పదార్థం. సోడియం ఉన్నంతసేపు అది నీళ్లలో కరుగుతుంది. కాల్షియం ఎదురైతే సోడియంని వదిలేసి దాంతో జతకడుతుంది. ఆ కాల్షియం సబ్బు నీళ్లలో కరగదు. బకెట్‌కి పట్టినట్టే తలకీ పడుతుంది. కుదుళ్ల దగ్గర బాగా రుద్దుతాం కాబట్టి అక్కడ జిడ్డులా తగులుతుంది, చివర్లలో వెంట్రుకకి వెంట్రుకని అతికించి గరుకు చేస్తుంది. జిడ్డు, ఎండుగడ్డి రెండూ ఒకేసారి ఎలాగని అడిగాను కదా, ఇలాగ. కడిగే కొద్దీ పెరిగేదే ఇది. ఐదు వారాల నా ఓపిక అంతా దాన్ని పేర్చడానికే పోయింది.

మూడో సీసాలో ఇంకో రకం బార్ పొడి వేస్తున్నా. ఇది కూడా షాంపూ బారే, కానీ సబ్బు కాదు. నాలుగో దాంట్లో రాత్రి నానబెట్టి పిసికిన కుంకుడు రసం. రెండూ మా బోరు నీళ్లే, గుర్తుంచుకోండి.

దృశ్యం: ఊపడం. రెండింట్లోనూ నురగ.

అదీ సంగతి. కుంకుడులో నురగ ఇచ్చేవి సపోనిన్లు. అవి సబ్బు కావు కాబట్టి కాల్షియంతో గొడవ పడవు. బావి నీళ్లతో తలంటుకున్న మన అమ్మమ్మల జడలు గుర్తొచ్చాయి నాకు. అలాగని నేను కుంకుడుకి మళ్లిపోతానని చెప్పను. పొద్దున్న ఏడింటికి ఆఫీసు బస్సున్నవాళ్లం, రోజూ కాయలు కొట్టి పిప్పి ఏరుకోవడం నావల్ల కాదు. కళ్లలో పడితే ఆ మంట ఇంకో కథ.

దృశ్యం: రెండు బార్ల అట్టపెట్టెల వెనకవైపు. వేలితో చూపిస్తూ.

కాబట్టి బార్ కొనేటప్పుడు పెట్టె వెనక చదవండి. సోడియం పామేట్, సోడియం కోకోయేట్, సోడియం ఆలివేట్, లేదా సపానిఫైడ్ అని రాసుంటే అది సబ్బు. ముందువైపు శీకాయ బొమ్మ వేసినా, ఉసిరి బొమ్మ వేసినా సబ్బే. ఇంకో గుర్తు, టీఎఫ్ఎం అని, అంటే అందులో మొత్తం కొవ్వు పదార్థం ఎంతో, శాతం వేసుంటుంది. మన దేశంలో ఒంటి సబ్బులకి 76 శాతం ఉంటే మొదటి గ్రేడు, 70 రెండోది, 60 మూడోది. ఆ అంకె కనబడిందంటే చేతిలో ఉన్నది చాలావరకు సబ్బేనని అర్థం. సోడియం కోకోయిల్ ఐసెథయోనేట్ అని మొదట్లోనే ఉంటే అది సిండెట్, అంటే సబ్బు కాని బార్. పేరు పలకడానికి నోరు తిరగదు, ఫొటో తీసి పెట్టుకోండి. బోరు నీళ్లవాళ్లకి పనికొచ్చేది అదే.

మరి గుంటూరులో సబ్బు బార్ పర్వాలేదా అని అడుగుతారు. మైనం తక్కువ పడుతుంది, నిజమే. కానీ ఇంకో చిక్కుంది. పీహెచ్ అంటే పులుపా, క్షారమా చెప్పే కొలత, 7 దాటితే క్షారం. సబ్బు నీటి పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది, తల చర్మానిదేమో 5.5 దగ్గర. వెంట్రుకని బొచ్చె చేపలా ఊహించుకోండి. తల నుంచి తోకకి చెయ్యి రాస్తే నున్నగా ఉంటుంది, తోక నుంచి తలకి రాస్తే పొలుసులు గరుకుగా తగులుతాయి. వెంట్రుక మీదా అలాంటి పొలుసులే, కుదురు నుంచి కొసవైపు పరుచుకుని ఉంటాయి. సబ్బు క్షారానికి వెంట్రుక ఉబ్బి ఆ పొలుసులు లేస్తాయి, ఒకదాని పొలుసు ఇంకోదానికి తగులుకుంటుంది. చిక్కంటే అదే.

"మాది పీహెచ్ 5.5 ఉన్న హ్యాండ్‌మేడ్ సబ్బు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. సబ్బుకి అంత పులుపు కలిపితే అది విరిగి మళ్లీ కొవ్వు ఆమ్లంగా మారిపోతుంది, ఇక సబ్బుగా మిగలదు.

దృశ్యం: బాత్రూం. మగ్గు, వాటర్ క్యాన్, వెనిగర్ సీసా.

ఇప్పటికే జుట్టు నాలా అయిపోయినవాళ్లు ముందు ఆ మైనం వదిలించుకోవాలి. పదార్థాల్లో ఈడీటీఏ ఉన్న మామూలు షాంపూ ఒక్కసారి వాడండి, అది కాల్షియంని పట్టి లాగుతుంది. బార్ వాడేవాళ్లకి సీసా షాంపూ చెప్పడం బాగోదు, తెలుసు. ఒక్కసారికే కదా.

ఆ తర్వాత వెనిగర్. ఒక లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా వంటింటి వెనిగర్. నేను చేసిన తప్పు, ఆ నీళ్లు కూడా బోరువే తీసుకున్నా. బోరు నీళ్లలో ఉండే బైకార్బనేట్లు పులుపులో కొంత మింగేస్తాయి. ఇప్పుడు క్యాన్ నీళ్లు వాడుతున్నా. జుట్టు పొడవునా పోసి, ఒక నిమిషం ఉంచి, మళ్లీ రెండు మగ్గుల క్యాన్ నీళ్లతో కడిగేస్తా. ఇరవై లీటర్ల క్యాన్లో ఇదెంత? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మాత్రం నేను తాగే నీళ్లు తలకి పోసుకుంటున్నానని అందరికీ చెప్పాడు.

వెనిగర్ వాసన పడకపోతే అర చెక్క నిమ్మరసం వేసుకోవచ్చు. బాగా కడుక్కున్నాకే బయటికి వెళ్లండి. చర్మం మీద నిమ్మరసం ఉండగా మన బెజవాడ ఎండ తగిలితే మెడ మీద, నుదుటి మీద బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. వంటసోడా మాత్రం వద్దు. ఎవరో చెప్పారని అదీ చేసి చూశాను, అదీ క్షారమే, ఉన్న పీచు ఇంకాస్త పెరిగింది.

పటిక వేస్తే నీళ్లు మారతాయా అని మా పక్కింటి ఆంటీ అడిగారు. పటిక మట్టిని కిందికి దించుతుంది, కరిగున్న కాల్షియంని కాదు. మరిగిస్తే కొంత కాఠిన్యం పెచ్చుగా దిగుతుంది, మొత్తం పోదు. షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్లు ఎక్కువగా క్లోరిన్ కోసం, మన సమస్య అది కాదు. ఇల్లు మొత్తానికీ కావాలంటే ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ పెట్టించుకోవాలి, అది అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో తేలాల్సిన విషయం. మా మీటింగ్‌లో లిఫ్ట్ గొడవే ఇంకా తేలలేదు.

దృశ్యం: అద్దం ముందు, తడి జుట్టుతో.

బార్ వాడే తీరు కూడా చూడండి. బార్‌ని నేరుగా జుట్టు పొడవునా రుద్దకండి. చేతుల్లో నురగ తీసి తల చర్మానికే పట్టించండి. కడిగేటప్పుడు కిందికి జారే నురగ కొసలకి చాలు. అందరం చేసే ఇంకో పని, జుట్టంతా నడినెత్తికి చేర్చి బట్ట ఉతికినట్టు కుమ్మడం. అప్పుడే సగం చిక్కులు పడతాయి.

తడి వెంట్రుక సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. తువ్వాలుతో టపటపా కొట్టి ఆరబెట్టడం మా నాయనమ్మ అలవాటు, నాకూ అదే వచ్చింది. మానుకున్నాను. పాత కాటన్ చీర ముక్కతో అద్దితే చాలు. తర్వాత పళ్లు ఎడంగా ఉన్న దువ్వెన. కింద నాలుగు వేళ్ల పొడవు ముందు, అది సాఫీ అయ్యాక ఇంకో నాలుగు వేళ్లు పైకి. పైనుంచి మొదలుపెడితే చిక్కులన్నీ కిందికి చేరి ఒక్క ముడి అవుతాయి. ముడి దగ్గర దాని పైభాగాన్ని వేళ్లతో బిగించి పట్టుకోండి, లాగినా కుదురుకి తగలదు. అవసరమైతే అరచేతిలో రెండు చుక్కల కొబ్బరినూనె.

నూనె మాటకొస్తే, తలస్నానానికి ముందు కొబ్బరినూనె పెట్టడం ఊరికే పుట్టిన అలవాటు కాదు. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనెలతో పోల్చితే కొబ్బరినూనె రాసినప్పుడే వెంట్రుకలోని ప్రోటీన్ నష్టం తగ్గింది. ఆ పరిశోధకులు మారికోవాళ్లు, అంటే కొబ్బరినూనె అమ్మే కంపెనీ. అది మనసులో పెట్టుకునే వినండి. నా జుట్టుకి మాత్రం ముందురోజు రాత్రి కాస్త రాస్తే మర్నాడు చిక్కు సగానికి తగ్గింది.

ఇవన్నీ చేసినా జుట్టు కుదుళ్లతో సహా ఊడుతుంటే, లేదా తలలో ఖాళీలు కనిపిస్తుంటే అది బార్ వల్ల కాకపోవచ్చు. చర్మం డాక్టర్‌కి చూపించండి.

దృశ్యం: రెండు దువ్వెనలు పక్కపక్కన. ఒకటి మొదట్లో చూపించింది. రెండోది నున్నగా, నల్లగా.

నిన్నటిది మీకు చూపించడానికి కావాలనే పాత బార్‌తో, బోరు నీళ్లతో చేసిన తలస్నానం. ఈ రెండో దువ్వెన అంతకుముందు వారానిది, సిండెట్ బార్ వాడి, చివర రెండు మగ్గులు క్యాన్ నీళ్లు పోసుకున్నాక దువ్వింది. గోటితో గీకుతున్నా చూడండి, ఏమీ రావట్లేదు.

నారతాడు కట్టిన బార్‌లో ఒక ముక్క ఇలా చూపించడానికి ఉంచుకున్నా. మిగతాది ముందే గుంటూరు తీసుకెళ్లి అమ్మకిచ్చా. తలకి పెట్టుకోలేదావిడ. వాష్‌బేసిన్ దగ్గర పెట్టింది, చేతులకి భలే ఉందంట.