'ఏక్ దూజే కే లియే' రివ్యూ: బాలు గారి యాస కోసమే చూడండి

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి ఒక హెడ్‌ఫోన్స్ కంపెనీ స్పాన్సర్. పాత పాటలు వీటిలో ఎలా ఉన్నాయో చెప్పమని ఒక జత పంపించారు. గొంతు చాలా క్లియర్‌గా వస్తోంది, కాకపోతే గంట దాటితే చెవులు వేడెక్కుతున్నాయి. అంతే, వాటి సంగతి అయిపోయింది. ఎందుకంటే నేను పెట్టిన మొదటి పాట 'తేరే మేరే బీచ్ మే'. అది విన్నాక సినిమా మొత్తం మళ్లీ చూడకుండా ఉండలేకపోయాను.

కథ మీకు తెలిసిందే. బాలచందర్ గారు 1978లో తెలుగులో తీసిన 'మరో చరిత్ర'నే 1981లో హిందీలో తీశారు. గోవాలో పక్కపక్క ఇళ్లు. తమిళ అబ్బాయి వాసు (కమల్ హాసన్), హిందీ అమ్మాయి సప్న.

నాకు ఇందులో ప్రాణం వాసుకి పాటలు పాడిన బాలు గారి యాస. సంగీత దర్శకులు లక్ష్మీకాంత్-ప్యారేలాల్ మొదట ఆయన హిందీ ఉచ్చారణ మీద సందేహపడ్డారు. బాలచందర్ గారు పట్టుబట్టారు. హీరోకే హిందీ సరిగ్గా రాదు, పాటలో మాత్రం ఎందుకు రావాలి అని. చివరికి 'తేరే మేరే బీచ్ మే' పాటకే బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది! లిఫ్టులో పాట చూడండి. వాసుకి వచ్చిన హిందీ అంతా సినిమా పేర్లే. వాటినే ఒకదాని వెనక ఒకటి గుచ్చి అలిగిన పిల్లను బతిమాలతాడు. ఆ యాసను చూసి ఎవరూ నవ్వరు, అతన్ని ప్రేమిస్తారు.

1968లో వచ్చిన 'పడోసన్' గుర్తుందా? మెహమూద్ వేసిన సంగీతం మాస్టారి యాస నవ్వించడానికే, చివరికి ఓడిపోవడానికే. పుణెలో నేను ఉద్యోగం చేసేటప్పుడు టీమ్‌లో ఒకాయన నా ప్రతి హిందీ మాటనూ నా యాసలోనే తిరిగి అనేవాడు. మీటింగ్‌లో నోరు విప్పాలంటే టెన్షన్. అందుకే ఆ యాసతోనే కమల్ హాసన్ హీరోగా నిలబడితే నాకు గుండె నిండిపోతుంది.

ఇక నన్ను మండించే సంగతి. 'మరో చరిత్ర'లో విశాఖ సముద్రం ఒడ్డున సరితను చూశారా? అది ఆ అమ్మాయి మొదటి సినిమా. చామనఛాయ, ఇంతింత కళ్లు, మన పక్కింటి పిల్లలా ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ ముఖం మీంచి చూపు తిప్పుకోలేం. హిందీకి వచ్చేసరికి ఆ పాత్ర తెల్లటి రతి అగ్నిహోత్రికి వెళ్లింది. రతి బాగా చేసింది, ఆమె తప్పేం లేదు. కానీ యాసకు చోటిచ్చిన సినిమా ఆ రంగుకు ఎందుకు ఇవ్వలేదు? తెలుగులో విధవరాలి పాత్ర వేసిన మాధవినే హిందీలోనూ పెట్టుకున్నారు. మరి సరితను ఎందుకు వదిలేశారు? నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

క్లైమాక్స్ కూడా నాకు నచ్చదు. ఏడాది దూరంగా ఉండి గెలిచిన ప్రేమను అలా చంపేయడం అన్యాయం.

అయినా నా ఓటు దీనికే, మొహమాటం లేకుండా. ముందు 'మరో చరిత్ర' చూడండి, తర్వాత ఇది పెట్టండి. ఇంట్లో వేరే భాష కోడలో అల్లుడో ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. క్లైమాక్స్ రాకముందే టీవీ కట్టేసినా నేనేమీ అనుకోను.