శ్వేతకేతుని వాళ్ళ నాన్న ఏమడిగాడు?

(నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం నుంచి)

వ్యాఖ్యాత: నమస్కారం. నెల్లూరులో ఏ సందు తిరిగినా ర్యాంకుల ఫ్లెక్సీలే కనబడతాయి. మరి మన పూర్వులు చదువు ఎందుకన్నారు? మోక్షానికా, బువ్వకా? ఈ పూట మనతో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, సంస్కృతం చెప్పే మేడమ్, కూతుర్ని హాస్టల్లో పెట్టి బైపీసీ చదివిస్తున్న ఒక తల్లి ఉన్నారు. ముందు మీరు చెప్పండమ్మా.

తల్లి: మాది కోవూరు పక్క పల్లెటూరు. ఆదివారం పది నిమిషాలు పాపతో ఫోన్లో మాట్లాడనిస్తారు. తిన్నావా అంటాను, తర్వాత టెస్టులో ఎంతొచ్చిందంటాను. మొన్న అది, "ఇంకేం అడగవా అమ్మా?" అనింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

సంస్కృతం మేడమ్: ఛాందోగ్య ఉపనిషత్తులో ఒక తండ్రి ఆ "ఇంకేదో" అడిగాడమ్మా. శ్వేతకేతువు 12వ ఏట గురువు దగ్గరికి పోయాడు. 24 ఏళ్ళకి వేదాలన్నీ చదివి, తనంతటివాడు లేడని బిగుసుకుని ఇంటికొచ్చాడు. తండ్రి ఉద్దాలకుడు ఎన్ని మంత్రాలు వచ్చని అడగలేదు. "ఏది తెలిస్తే విననిది విన్నట్టూ, తెలియనిది తెలిసినట్టూ అవుతుందో దాన్ని మీ గురువుల్ని అడిగావా?" అన్నాడు. కొడుకు తెల్లమొహం వేశాడు.

వ్యాఖ్యాత: తర్వాత?

సంస్కృతం మేడమ్: తర్వాత ప్రాక్టికల్స్! (నవ్వు) రాత్రి నీళ్ళలో ఉప్పుగడ్డ వేయమన్నాడు. పొద్దున్నే ఆ ఉప్పు తెమ్మంటే కొడుకు చెయ్యి పెట్టి వెతికాడు, లేదు. పైనుంచి కాస్త తాగమన్నాడు, ఉప్పగా ఉంది. మధ్యలోంచి, అడుగునుంచి తాగినా అంతే. ఉప్పు అందులోనే ఉంది, కంటికి మాత్రం కనపడదు. సత్తు, అంటే అన్నిటికీ మూలమైన ఉనికి కూడా అట్లాగే అన్నిటిలో ఉంది, నువ్వూ అదే అన్నాడు. మర్రిపండు కోయించి, గింజ చీల్పించి, "ఏం కనపడింది?" అని అడిగిందీ ఈ తండ్రే.

వ్యాఖ్యాత: అంటే మిగతా చదువులన్నీ దండగనా?

సంస్కృతం మేడమ్: కాదు కాదు. ముండకోపనిషత్తు పరా, అపరా అని రెండు విద్యలు చెప్పి, రెండూ తెలుసుకోవాల్సినవే అంటుంది. నాశనం లేనిదాన్ని తెలిపేది పరా, అంటే పై చదువు; మిగతావన్నీ అపరా, అంటే కింది చదువు. ఒక చమత్కారం చూడండి, నాలుగు వేదాలనూ, వ్యాకరణాన్నీ, జ్యోతిషాన్నీ కూడా అపరా లెక్కలోనే వేసింది. వేదం తనకు తానే రెండో పీట వేసుకుంది. నారదుడు కూడా చదువు చెప్పమని సనత్కుమారుడనే ఋషి దగ్గరికొచ్చి, తనకు వచ్చినవాటి పెద్ద చిట్టా విప్పాడు: వేదాలు, లెక్కలు, నక్షత్రాల శాస్త్రం, పాముల విద్య. చివర్లో, "మంత్రాలైతే వచ్చుగానీ ఆత్మ సంగతి తెలియదు, నా దుఃఖం పోలేదు" అన్నాడు.

తెలుగు మాస్టారు: "సా విద్యా యా విముక్తయే" అన్నది కూడా ఆ దారిలోదే. విష్ణుపురాణంలో ప్రహ్లాదుడు తండ్రితో అంటాడు. విడుదల చేసేదే విద్య, మిగతాదంతా చేతిపని నేర్పు అని. ఇప్పుడు ఆ ముక్క బడి గేటు మీద రాస్తారు, లోపల పిల్లల్ని గదిలో వేసి తాళం వేస్తారు. సరే, అది వదిలేయండి. మేడమ్ చెప్పినదాంట్లో నాకొక పేచీ ఉంది. ఆ చదువు అందరికీ అందిందా? ధర్మశాస్త్రాలు శూద్రులకు వేదం వద్దన్నాయి. ఆడవాళ్ళకీ క్రమంగా తలుపు మూశారు. మోక్షం దాకా పోయే బండికి టిక్కెట్టు కొందరికే ఇచ్చారు.

సంస్కృతం మేడమ్: నిజమే, కాదనను. అయినా ఉపనిషత్తుల్లో గార్గి అనే ఆడమనిషి నిండు సభలో యాజ్ఞవల్క్యుడంతటి ఋషిని నిలదీసింది. తండ్రి గోత్రం తెలియదని ఉన్నమాట చెప్పిన సత్యకామ జాబాలిని, ఆ నిజానికే మెచ్చి గౌతముడనే గురువు చేర్చుకున్నాడు.

తెలుగు మాస్టారు: చేర్చుకుని 400 బక్క ఆవుల్ని అప్పజెప్పాడు! వెయ్యి అయ్యేదాకా అతను తిరిగి రాలేదు. సరే, ఒప్పుకుంటా, ఆ గురువు మంచివాడే. నాకు మాత్రం ఇష్టమైన కథ మన ఎర్రనది. ఆయన కందుకూరు పక్క గుడ్లూరు వాడంటారు, అందుకే నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాలవాళ్ళూ మావాడే అంటాం. నన్నయ వదిలేసిన అరణ్యపర్వం పూర్తిచేశాడు కదా, ధర్మవ్యాధుడి కథ అందులోదే. కౌశికుడనే వేదపండితుడి మీద కొంగ రెట్ట వేసింది. కోపంగా చూస్తే చచ్చి పడింది. తర్వాత ఒక ఇంటిముందు భిక్షకు నిలబడ్డాడు. ఆ ఇల్లాలు మొగుడికి అన్నం పెట్టి ఆలస్యంగా వస్తే గుడ్లురిమాడు. "నేను కొంగను కాదు స్వామీ" అందామె.

తల్లి: (నవ్వుతూ) భలే అనింది!

తెలుగు మాస్టారు: అక్కడితో ఆగలేదు. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో ధర్మవ్యాధుడి దగ్గరికి పొమ్మంది. పోయి చూస్తే ఆ గురువు మాంసం అమ్మే అంగట్లో ఉన్నాడు. ముసలి తల్లిదండ్రుల్ని చూసుకుంటూ ఉన్నాడు. వేదం చదివినాయన అతని ముందు కూర్చుని నేర్చుకున్నాడు. చదువు లేదని కాదు కౌశికుడి తంటా, కోపం పోలేదు.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోతోంది. అమ్మా, ఈ ఆదివారం పాపకేం చెప్తారు?

తల్లి: ఈ కొంగ కథే చెప్తా సార్. పది నిమిషాల్లో అయిపోద్ది గదా?

తెలుగు మాస్టారు: అవుతుంది, మార్కులు అడక్కపోతే.

తల్లి: అడక్కుండా ఎట్టా సార్? కథ చెప్పినాకే అడుగుతాలే.

(స్టూడియోలో నవ్వులు)