వింటన్ కెల్లీ: పక్కనుండి నడిపించిన పియానో

అందరికీ నమస్కారం.

జాజ్ ఇష్టపడేవాళ్లు తప్పకుండా వినే రికార్డు ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. అందులో పియానో ఎవరిదని అడిగితే బిల్ ఎవాన్స్ అంటారు. అందులోని ఐదు పాటల్లో నాలుగింటికి ఆయనే. మిగిలిన 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' మాత్రం వింటన్ కెల్లీ వాయించారు. ఇవాళ నేను మాట్లాడేది ఆయన గురించే.

కెల్లీ 1931లో జమైకా మూలాలున్న కుటుంబంలో పుట్టి, బ్రూక్లిన్‌లో పెరిగారు. చిన్న వయసులోనే గాయని డైనా వాషింగ్టన్‌కు పియానో వాయించారు. ఆయనకు అసలు చదువు అక్కడే దొరికిందని నా నమ్మకం. పాడే మనిషికి వాయించేటప్పుడు మాట మీద పడకూడదు. ఆమె ఊపిరి తీసుకునే చోటు ముందే పసిగట్టాలి. మన కచేరీలో మంచి వయొలిన్ పక్కవాద్యం చేసే పని ఇదే కదా!

మధ్యలో కొంతకాలం సైన్యంలో, కొంతకాలం ట్రంపెట్ కళాకారుడు డిజ్జీ గిల్లెస్పీ బృందంలో ఉన్నారు. 1959 మొదట్లో మైల్స్ దగ్గరికి వచ్చారు.

'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' పన్నెండు బార్ల బ్లూస్, అంటే పన్నెండు తాళ ఆవృత్తాల వరస మళ్లీ మళ్లీ తిరిగే బాణీ. మొదటి సోలో, అంటే ఒక్కరే ముందుకొచ్చి మనోధర్మంతో వాయించే వంతు, కెల్లీదే. హుషారుగా సాగుతుంది. దాన్ని అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ తర్వాతి భాగం వినమంటాను. మైల్స్ ట్రంపెట్ అందుకోగానే పియానో తగ్గుతుంది. పొట్టి పొట్టి కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మీటడం), అవీ ట్రంపెట్ వదిలిన సందుల్లోనే. అయినా పాట ఊపంతా వాటి మీదే నిలబడింది.

అదే ఏడాది డిసెంబరు 2న, అంటే తన 28వ పుట్టినరోజున, కెల్లీ సాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్‌తో 'నయీమా' రికార్డు చేశారు. కోల్ట్రేన్ తన భార్య పేరు మీద కట్టిన బాణీ అది. 'జెయింట్ స్టెప్స్' ఆల్బంలో మిగతా అన్నిటా కోల్ట్రేన్ సాక్సఫోన్ వరదలా పారుతుంది. ఇక్కడ ఆయన బాణీ పలికించి ఊరుకుంటారు. సోలో ఒక్కటే, అది కెల్లీది. అంత సొంతమైన పాటలో తన వంతు కూడా పక్కవాడికి ఇచ్చారంటే, ఆ చేతుల మీద ఎంత గురి ఉండాలి!

తర్వాత కెల్లీ బాస్ వాయించే పాల్ చాంబర్స్, డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్‌లతో సొంత ట్రియో (ముగ్గురి బృందం) నడిపారు. 1965లో ఆ ముగ్గురూ న్యూయార్క్ హాఫ్ నోట్ క్లబ్బులో గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీకి వాయించిన రికార్డు కూడా వెతికి వినండి. కెల్లీ 1971లో టొరంటోలో కన్నుమూశారు. నలభై కూడా నిండలేదు.

ఇప్పుడు 'నయీమా' వేస్తున్నాను. కింద బాస్ చాలాసేపు ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. దాని మీద కెల్లీ కుడిచెయ్యి ఎక్కడెక్కడ ఆగుతుందో గమనించండి.